పాత్ర గతం మాస్కులో కనిపించాలి, కానీ చెప్పేసినట్టు ఉండకూడదు: లంక కథకి సలహాలు కావాలి

విభాగం: యానిమేషన్, పాత్రల డిజైన్

లంకపిల్ల

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర. ఎనిమిది నిమిషాల టూడీ షార్ట్ ఫిల్మ్‌కి విజువల్ డెవలప్‌మెంట్ చేస్తున్నాను. కథ, యానిమేటిక్ (గీసిన బొమ్మల వరసతో చేసే ముందస్తు నమూనా) దాదాపు కుదిరాయి. ముఖ్య పాత్ర పెట్టుకునే మాస్కు దగ్గరే పని ఆగిపోయింది.

కథ క్లుప్తంగా చెప్తాను. గోదావరి పాయ మధ్యలో ఒక లంక. వరద రాత్రుల్లో ఎవరో మాస్కు పెట్టుకుని నాటుపడవ మీద వచ్చి, గట్టుకి చేరలేని వాళ్లని దాటించి వెళ్లిపోతుంటారు. ఆ మనిషి మంగ. వయసు పద్దెనిమిది. 1986 ఆగస్టు వరదప్పుడు దానికి ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న ఆ రేవులో పడవ వేసేవాడు. ఆ రాత్రి మొదటి విడత జనాన్ని గట్టుకి చేర్చాడు, రెండో విడతకి తిరిగి వెళ్లలేదు. రెండో విడత కోసం లంకలో ఎదురుచూస్తూ ఉండిపోయిన వాళ్లలో మంగ తల్లి కూడా ఉంది. మొదటి విడతలో మంగని ఎక్కించింది ఆవిడే. ఆ తర్వాత ఆ తండ్రితో ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. లంకని కూడా ఏరు కొంచెం కొంచెంగా కోసేసింది. ఆయన ఎందుకు తిరిగి వెళ్లలేదో సినిమాలో ఎక్కడా చెప్పను.

పాత్రకి మాటలు చాలా తక్కువ. ఫ్లాష్‌బ్యాక్ పెట్టను. కాబట్టి ఇదంతా కాకపోయినా ఇందులో బరువైన భాగం మాస్కులోంచి రావాలి. ఇప్పటికి గీసిన డిజైన్ ఇలా ఉంది: తెల్లటి ముఖం, ఎడమ కన్ను మీదుగా చెంప మీదకి జారే నీలం అల, నుదుటి మీద చిన్న పడవ బొమ్మ, గడ్డం దగ్గర పగులు, ఆ పగులులో బంగారు రంగు. చూసిన వాళ్లంతా బాగుంది అంటున్నారు. నాకు మాత్రం ఇది ఎవరికైనా పెట్టొచ్చు అనిపిస్తోంది. ఏం మార్చాలో చెప్పండి.

బొమ్మలసంచి

కథ గట్టిగా ఉంది. డిజైన్ గురించి మీకున్న అనుమానమే నాదీనూ.

అల, పడవ, బంగారు పగులు. ఈ మూడూ మంగ గతం మీద మీరు రాసుకున్న వ్యాఖ్య. మంగ ఇంట్లో ఉన్న వస్తువు కాదు. ఆ అమ్మాయి తన కన్నీళ్లని తానే నీలంరంగుతో గీసుకుని వరదలోకి వెళ్తుందా? పగుళ్లలో బంగారు పొడి నింపడం జపాన్‌లో లక్కతో పింగాణీ అతికే పద్ధతి. ఇప్పుడు ప్రతి పోర్ట్‌ఫోలియోలో ఒకటి కనిపిస్తోంది. అక్కడ దానికి దాని అర్థం ఉంది. లంకలో ఒక పడవ మనిషి కూతురు పగిలిన వస్తువుని దేనితో అతుకుతుందో అదే గీయాలి.

నేను పాత్రల వస్తువులు డిజైన్ చేసేటప్పుడు రంగు గురించి చివర్లో ఆలోచిస్తాను. ముందు అడిగేవి వేరు. ఇది ఎవరు చేశారు? మాస్కు కాకముందు ఇది ఏంటి? దేనితో కోశారు? పెట్టుకున్నప్పుడు ఎక్కడ ఒరుసుకుంటుంది? తీసేటప్పుడు ఏ చేత్తో, ఎక్కడ పట్టుకుంటుంది? పాడైతే ఎవరు బాగుచేశారు, వాళ్లకి ఆ పని వచ్చా? వీటికి జవాబులు దొరికితే బొమ్మ సగం దానంతట అదే వస్తుంది.

అన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న. అసలు మంగ మాస్కు ఎందుకు పెట్టుకుంటుంది? చీకట్లో, వానలో, ముఖం మీద బరువు పెట్టుకుని పడవ నడపడం కష్టం. అంత కష్టం పడుతోందంటే గట్టి కారణం కావాలి.

ఫ్రేములవారీ

యానిమేటర్‌గా ఒక్క మాట. ఈ మాస్కుని కొన్ని వందలసార్లు చేత్తో గీయాలి. అలలో సన్న గీతలు, పడవ బొమ్మలో తెరచాప, ఇవన్నీ మూడువంతుల కోణంలో తిప్పితే నరకం. ముందుగానే తగ్గించుకోండి.

లంకపిల్ల

@బొమ్మలసంచి, ఎందుకు పెట్టుకుంటుంది అన్నదానికి నా దగ్గర జవాబుంది అక్కా. మంగది అచ్చం వాళ్ల నాన్న పోలిక. ఆ ముఖం చూస్తే లంక జనం పడవ ఎక్కరు. ఎక్కినా ఆ రాత్రి గుర్తొస్తుంది. అందుకే దాచుకుంటుంది.

బొమ్మలసంచి

ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిన మాట! అయితే మాస్కు పని తండ్రి ముఖాన్ని కప్పడం. మరి కప్పుతున్నది ఏది? అది ఎవరిది? అక్కడ పట్టుకోండి.

గౌతమీతీరం

నేను బ్యాక్‌గ్రౌండ్లు వేస్తాను, కాకినాడ. నాకైతే వెంటనే తట్టింది తండ్రి పడవ. పాడైన పడవ పలకని మన వైపు పారేయరు కదా, గుమ్మానికో మంచానికో పశువుల పాకకో వాడతారు. ఆ పలక ముక్కని చెక్కి మాస్కు చేసుకుంటే? తండ్రి ముఖాన్ని తండ్రి పడవతోనే కప్పుతోంది. నీళ్లలో నానిన చెక్క పొరలు, మేకు తుప్పు మరకలు, టెక్స్చర్ బ్రహ్మాండంగా వస్తుంది.

తెరవెనుక

నాటకాల వైపు నుంచి వచ్చినవాణ్ణి. మాస్కుల గురించి కొంత చెప్తాను. పొడవైతే క్షమించండి.

పరంపరలో ఉన్న మాస్కులు ఎక్కువగా పెట్టుకున్న మనిషి గతాన్ని తుడిచేయడానికే ఉంటాయి. తంజావూరు జిల్లా మేలట్టూరులో భాగవత మేళా ఆడతారు. ఊరు తమిళనాడులో ఉన్నా ఆ నాటకాలు తెలుగువే. ప్రహ్లాద చరిత్రలో నరసింహస్వామి ముఖాన్ని గుడిలో ఉంచి పూజ చేస్తారు. అది పెట్టుకునే నటుడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. అక్కడ ఆ నటుడి కథ ఎవరికీ అక్కర్లేదు. అంతర్వేది వెళ్లి నరసింహస్వామిని చూసేవాళ్లం మనం, ఆ భావం మనకి చెప్పక్కర్లేదు. అందుకే మీ మాస్కు మీద గరగల గుర్తులు, వీరనాట్యం సరంజామా, ఇలాంటివి అందం కోసం తగిలించొద్దని ముందే బతిమాలుతున్నాను. అవి మొక్కుబడి వస్తువులు. పైగా మీకు కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు: ఒక్క మనిషికి చెందిన, ఇంకెవరికీ సరిపోని మాస్కు.

రెండోది, కవళికల సంగతి. జార్ఖండ్ వైపు సరైకెలా ఛౌ నృత్యంలో మాస్కులు చాలా ప్రశాంతంగా ఉంటాయి, ముఖంలో ఉద్రేకం ఉండదు. భావమంతా ఒళ్లు మోస్తుంది. జపాన్‌లో 'నో' అనే పాత నాటకంలో చెక్క మాస్కుని కొంచెం పైకెత్తితే వెలుగు పడి ముఖం విప్పారినట్టు, కొంచెం దించితే నీడ పడి దిగులుగా కనిపిస్తుంది. అందుకని దాన్ని ఏ భావమూ తేల్చకుండా చెక్కుతారు. మీ తెల్ల మాస్కుకి కన్నీటి చార ముందే గీసి ఉంది. మంగ పసిపిల్లని పడవలోకి ఎత్తుకునేటప్పుడు కూడా అది ఏడుస్తూనే ఉంటుంది. అప్పుడేం చేస్తారు?

మూడోది, ఇది ఎవరి కళ్ల కోసం? బెంగాల్ సుందర్బన్స్ అడవుల్లో తేనెకీ చేపలకీ వెళ్లేవాళ్లు 1980లలో తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకుని వెళ్లేవారు. పులి వెనక నుంచే దూకుతుంది కాబట్టి. ఆ మాస్కు ఒక్క పులి కోసమే. మీ కథలో నాటుపడవకి గెడ వేసే మనిషి వెనక నిలబడుతుంది. ఎక్కినవాళ్లు ముందుకి తిరిగి కూర్చుంటారు. మాస్కుని నిజంగా చూసేది ఎవరు, ఎంత దూరం నుంచి?

లంకపిల్ల

తెరవెనుక గారూ, ఇది బంగారం లాంటి పోస్టు. చూసేది ఒక్క పిల్లాడు. అమ్మ ఒళ్లో కూర్చుని భుజం మీదుగా వెనక్కి చూస్తుంటాడు. మిగతావాళ్లు గట్టు వైపే చూస్తుంటారు. అంటే దగ్గరి షాట్లన్నీ ఆ పిల్లాడి ఎత్తు నుంచే రావాలి, కింది నుంచి పైకి.

పాతపంటు

అమ్మాయ్, నాకు యానిమేషన్ తెలీదు. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మాది సఖినేటిపల్లి వైపు, మా ఇంట్లో మూడు తరాలు పడవ మీదే బతికాం. ఇప్పుడు నరసాపురం వెళ్లాలంటే పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కుతున్నారు గానీ నా చిన్నప్పుడు నాటుపడవలే.

1986 వరద నేను చూశాను. గట్లు తెగాయి. 1996 నవంబరు 6 తుఫాను కూడా చూశాను. నీ కథకి పనికొస్తుందేమో చెప్తాను. నీళ్లు ఊరిని పాడుచేసే తీరు వేరు, గాలి పాడుచేసే తీరు వేరు. గాలికి కొబ్బరిచెట్లు ఒకే పక్కకి పడ్డాయి, మొవ్వులు విరిగిపోయాయి, పెంకులు ఒక పక్కవే లేచిపోయాయి. గాలి ఎటు నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది. వరద అలా కాదు. మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. తీసిన తర్వాత ప్రతి గోడకీ ఒకటే ఎత్తులో గీత మిగులుతుంది, బురద గీత. దాని కింద గోడ ఒక రంగు, పైన ఒక రంగు. ఎన్ని సున్నాలు కొట్టినా కొన్నేళ్లు తెలుస్తూనే ఉంటుంది. లోపల పెట్టెలకీ, బియ్యం డబ్బాలకీ, దేవుడి పటాలకీ అన్నిటికీ అదే గీత.

నువ్వు గీసిన పగులు గాలి దెబ్బ లాంటిది తల్లీ. వరద పగలగొట్టదు, నానబెడుతుంది.

బొమ్మలసంచి

బాబాయ్ గారూ, యానిమేషన్ తెలీదంటూనే ఈ చర్చకి కావాల్సిన డిజైన్ సూత్రం ఇచ్చేశారు. లంకపిల్లా, పగులు తీసెయ్. అడ్డ గీత పెట్టు.

రేవుగట్టు

గీత అంటే గుర్తొచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మాస్కు మీద మూడు గీతలు ఆ లెక్కలో పెడితే? గడ్డం, ముక్కు, కళ్లు. మూడోది కళ్లని ముంచేస్తుంది.

గౌతమీతీరం

ఐడియా బాగుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కూడా. కానీ ఆ అంకెలు రేడియోలో వినేవి, కలెక్టరాఫీసులో రాసుకునేవి. లంకలో ముసలమ్మని అడిగితే "మెట్టు మునిగింది, అరుగు మునిగింది, పొయ్యిలోకొచ్చింది" అంటుంది. మంగ జ్ఞాపకం ఆ లెక్కలో ఉంటుంది. ఒక్కటే గీత ఉంటే అది ఒక రాత్రి. మూడు గీతలు సమంగా ఉంటే అది స్కేలు.

రేవుగట్టు

సరే, ఒప్పుకున్నా. బ్యాక్‌గ్రౌండులో లాకు దగ్గర స్కేలు గీసుకోండి, అక్కడ అంకెలు నిజంగానే ఉంటాయి.

పీచుతాడు

చెక్క మాస్కు అన్న మాట దగ్గర ఆగాను. పద్దెనిమిదేళ్ల పిల్ల పడవ పలకని ముఖం ఆకారానికి చెక్కగలదా? అది వడ్రంగి పని. ఉలి దెబ్బలు శుభ్రంగా ఉంటే "దీన్ని ఎవరో పనివాడు చేశాడు" అని చూసేవాళ్లకి అనిపిస్తుంది. వంకరగా ఉంటే పలక చీలిపోతుంది.

మా అమ్మమ్మ వాళ్లింట్లో కాగితపు గుజ్జు మెత్తిన గంపలుండేవి. మీలో చాలామంది చూసే ఉంటారు. పాత కాగితాలు రెండుమూడు రోజులు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ ముద్దని వెదురు గంపకి లోపలా బయటా మెత్తి ఎండబెడతారు. నూకలు సందుల్లోంచి కారవు, పురుగు పట్టదు. దగ్గరికెళ్తే మెంతుల వాసన వచ్చేది. ఆ గుజ్జు మీద వేళ్ల గుర్తులు ఉండిపోతాయి. అమ్మమ్మ బొటనవేలితో అంచు నొక్కుకుంటూ పోయిన గుంటలు వరసగా ఉండేవి, నేను నా వేలు పెట్టి చూసుకునేదాన్ని.

గంప అడుగు ముఖానికి సరిపోయేంత వంపుతో ఉంటుంది. ఆ రాత్రి తల్లి మంగ ఒళ్లో ఒక గంప పెట్టి పంపి ఉంటే? బియ్యమో బట్టలో వేసి. తల్లి దగ్గర నుంచి దక్కిన వస్తువు అదొక్కటే. దాన్నే కోసి మాస్కు చేసుకుంది.

తెరవెనుక

అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్య మాజులీ ద్వీపంలో మాస్కులు దాదాపు ఇలాగే చేస్తారండి. వెదురు అల్లిక మీద బంకమట్టిలో ముంచిన గుడ్డ, ఆవుపేడ. ఏటి మధ్య బతికేవాళ్ల చేతికి వెదురూ మట్టీ అందుతాయి. కాబట్టి ఈ గంప మాస్కు కట్టుకథలా ఉండదు, నమ్మేలా ఉంటుంది.

ఫ్రేములవారీ

కానీ కాగితం నీళ్లలో నానిపోదా? వరదలో కాగితం మాస్కు ఎలా నిలుస్తుంది?

పాతపంటు

నిలవదు. ఒక్క వానకే మెత్తబడుతుంది. పడవైతే పలకల సందుల్లో పీచు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తాం, ఆపైన తారు. ఆ అమ్మాయి పడవ మనిషి కూతురు కదా. గంపకి తారు పూస్తుంది. ఇంట్లో ఉన్నది అదే, దానికి తెలిసిన పనీ అదే.

బొమ్మలసంచి

ఆగండి ఆగండి. ఇది చదివి లేచి నిలబడ్డాను.

లోపల తల్లి చేసిన గుజ్జు. పైన తండ్రి పడవకి పూసే తారు. తండ్రి ముఖాన్ని దాచడానికి తల్లి గంపని వాడుకుంది. కానీ ఆ గంప నీళ్లలో బతకాలంటే తండ్రి నేర్పిన పనే దిక్కైంది. నాన్న మీద కోపం ఉందో లేదో మంగ ఎక్కడా చెప్పక్కర్లేదు. ఆయన్ని వదిలించుకోలేదు అన్నది మాస్కు మీదే ఉంది. అది తెలియని ప్రేక్షకుడికి కూడా "రెండు చేతుల పని ఇది" అని తెలుస్తుంది: లోపల మెత్తటి వేళ్ల గుంటలు, బయట కుంచెతో గరుకుగా లాగిన నలుపు.

గౌతమీతీరం అడిగిన పడవ కూడా వచ్చేసింది, పలక అక్కర్లేకుండా.

గౌతమీతీరం

మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను, ఇది పలక కంటే మేలు. కానీ రంగుల మనిషిగా ఒక అభ్యంతరం. రాత్రి, వాన, ఎర్రనీరు, నల్ల పడవ, అందులో నల్ల మాస్కు. స్క్రీన్ మీద మంగకి తల ఉండదు. వెలుగు ఏమిటి, లాంతరా? లాంతరు పడవ అడుగున ఉంటే వెలుగు కింది నుంచి వస్తుంది.

తారు మొత్తం పూయకండి. ఏటి నీళ్లు కింది నుంచి చిమ్ముతాయి కాబట్టి ముక్కు దాకా పూసింది, పైన తల మీద గొంగళి ఉంటుంది. పై సగం గుజ్జు రంగే, ఎప్పుడో కొట్టిన గుల్ల సున్నం పేలిపోతున్న తెలుపు. అప్పుడు చిన్న సైజులో చూసినా కళ్ల చుట్టూ లేతగా, కింద ముదురుగా రెండు ముక్కలు స్పష్టంగా విడిపోతాయి. కన్ను చిట్లించి చూసినా పాత్ర దొరుకుతుంది.

ఫ్రేములవారీ

రెండు టోన్లు, ఒక అంచు. ఇది గీయగలం.

లంకపిల్ల

పొద్దున్నించీ ఇదే చదువుతున్నాను. గంప ఖాయం. పీచుతాడు గారూ, ఆ బొటనవేలి గుంటలు వాడుకోవచ్చా? లోపలి అంచు వెంబడి పెడతాను.

ఇప్పుడు బురద గీత సంగతి. ఆ రాత్రి పడవ అడుగున నీళ్లు చేరాయి. గంప అందులో సగం దాకా నానింది. కాబట్టి గంప చుట్టూ గీత ఉంటుంది. మాస్కు మీద అది అడ్డంగా వస్తుంది కదా, ముక్కు మీదుగా? తారు అంచు కూడా అక్కడే ఉంటే రెండూ కలిసిపోతాయేమోనని చూస్తున్నాను.

తెరవెనుక

అడ్డంగా రాదు, ఆలోచించండి. గంప నిలువుగా కూర్చుని ఉంటే గీత దాని పక్కల చుట్టూ ఉంటుంది. మంగ ముఖానికి సరిపోయేలా అడుగునీ ఒక పక్కనీ కలిపి కోసింది. అప్పుడు ఆ గీత ముఖం మీద ఏటవాలుగా పడుతుంది, కుడి కణత నుంచి ఎడమ దవడ దాకా.

ఇప్పుడు నో మాస్కు సంగతి గుర్తుచేసుకోండి. మంగ తల నిటారుగా ఉన్నంతసేపూ ఆ గీత వాలుగా, ఏదో మరకలా ఉంటుంది. సినిమా అంతా అలాగే ఉంచండి. పిల్లాడు వెనక్కి తిరిగి చూసే షాట్‌లో మంగ వాడి వైపు తల వాలుస్తుంది. ఆ ఒక్క షాట్‌లో గీత సమంగా, వెనక కనిపించే నీటి మట్టానికి సమాంతరంగా నిలబడుతుంది. గంప ఆ రాత్రి పడవలో ఎలా ఉందో మాస్కు మళ్లీ అలా ఉంటుంది. ఎనిమిదేళ్ల మంగ కూడా అలాగే వెనక్కి తిరిగి చూసింది కదా, గెడ వేస్తున్న నాన్నని.

పీచుతాడు

ఒళ్లు జలదరించింది.

బొమ్మలసంచి

అద్భుతం. ఒక్క జాగ్రత్త: ఆ షాట్‌లో మ్యూజిక్ పెంచి, క్లోజప్ వేసి గీతని చూపించొద్దు. మిడ్ షాట్ చాలు. పట్టుకున్నవాళ్లు పట్టుకుంటారు. పట్టుకోనివాళ్లకి కూడా ఆ ఫ్రేములో ఏదో కుదురుకున్నట్టు అనిపిస్తుంది, అది సరిపోతుంది.

కళ్ల రంధ్రాల గురించి ఎవరూ మాట్లాడలేదు. దేనితో కోసింది?

పీచుతాడు

కొడవలి మొనతో. వెదురు అల్లిక ఉంది కాబట్టి గుండ్రంగా రాదు. అల్లిక ఎలా పోతే అలా పలకలుగా తెగుతుంది. ఒకటి కొంచెం పెద్దది అవుతుంది. చుట్టూ వెదురు చీలికలు గుచ్చుకుంటాయి, కాబట్టి లోపల గుడ్డ కుట్టి ఉంటుంది. గుడ్డ తల్లి చీర అంచు అనుకోండి, దాని మూల మీద బట్టలుతికేవాళ్లు నల్లజీడి పిక్కతో పెట్టే నల్ల గుర్తు ఉంటుంది. ఇంటింటికీ వేరు గుర్తు, ఎన్ని ఉతుకులకీ పోదు. ఆ ఇల్లు ఏట్లో కలిసిపోయినా గుర్తు ఉంటుంది.

లంకపిల్ల

ఆ గుర్తు తప్పకుండా పెడతాను. ఒక చుక్కా రెండు గీతలూ చాలు, ఏంటో తెలియక్కర్లేదు.

ఇంకో సందేహం. తారు రాలిపోయిన చోట కాగితం ముక్క మీద అచ్చు అక్షరాలు కనిపిస్తే? గుజ్జు పైన చివరగా పేపరు ముక్కలు అతికిస్తారు కదా కొందరు.

ఫ్రేములవారీ

వద్దు. తెరమీద అక్షరం కనిపిస్తే కన్ను ముందు దాన్నే చదువుతుంది. చదవలేకపోతే పాజ్ చేస్తారు. మంగ కళ్లు వదిలేసి అక్కడ ఆగిపోతారు.

గౌతమీతీరం

నాకైతే ఒక్క అక్షరం సగం తెగి, తలకిందులుగా ఉంటే పెట్టొచ్చనిపిస్తుంది. కాగితం అని తెలియడానికి ఇంకో దారి లేదు. గుజ్జు మాత్రమే ఉంటే మట్టి అనుకుంటారు.

ఫ్రేములవారీ

కాగితం అని తెలియాలంటే తడిసినప్పుడు ఏమవుతుందో చూపించండి. అది యాక్షన్, యానిమేషన్‌లో మన బలం అదే. మంగ మాస్కు తీసి పడవలో వెల్లకిలా పెట్టింది అనుకోండి. వాన లోపల పడుతోంది. లోపల తారు లేదు. నీళ్లు నిలుస్తుంటే చప్పున చేతిలోకి తీసుకుని బోర్లిస్తుంది, కొంగుతో ఒత్తుతుంది. అయిపోయింది. అది కాగితం అనీ, లోపలి భాగం దానికి ప్రాణం అనీ రెండూ తెలిశాయి. పైగా ప్రేక్షకులకి లోపలి వైపు కనిపించేది ఆ రెండు సెకన్లే. గుంటలూ చీర అంచూ జీడి గుర్తూ అన్నీ అక్కడ చూపించుకోవచ్చు.

బొమ్మలసంచి

అక్షరం విషయంలో రెండూ గీసి చూడండి, చిన్న సైజులో ప్లే చేసి చూస్తే తేలిపోతుంది. లోపలి షాట్ మాత్రం వదలొద్దు.

టీము చూసి గీసుకునే మాస్కు షీట్ల గురించి: ముందు, మూడువంతులు, పక్క, వెనక మామూలే. లోపలి వైపు ప్రత్యేకంగా ఒక షీట్. ఇంకోటి, గంపని ఎక్కడ కోసిందో చూపిస్తూ పూర్తి గంప బొమ్మ, దాని మీద మాస్కు ఆకారం చుక్కల గీతతో. టీములో రేపు ఎవరు చేరినా ఆ ఒక్క బొమ్మ చూస్తే గీత ఎందుకు వాలుగా ఉందో తెలుస్తుంది, ఎవరూ పొరపాటున దాన్ని నిటారు చేయరు. పక్కన పొడుగు వివరణలు రాయకండి. తల్లి, తండ్రి, త్యాగం ఇలాంటి మాటలు అసలే వద్దు. "మెంతి గుజ్జు, వేళ్ల గుంటలు", "తారు, కొబ్బరి పీచు కుంచె", ఇలా వస్తువు పేరు రాస్తే చాలు.

అరుగుదల కూడా లెక్క ప్రకారం ఉండాలి. మంగ గెడ పట్టుకునేది రెండు చేతులా. మాస్కు సర్దుకోవాలంటే ఎడమ చెయ్యి వదులుతుంది. కాబట్టి ఎడమ దవడ దగ్గర తారు అరిగి లోపలి రంగు తేలాలి. నుదుటి మీద గీతలు పడటానికి కారణం లేదు, అక్కడ ఏమీ వేయకండి. ఖాళీ చోటు ఉంటేనే మిగతాది కనిపిస్తుంది.

లంకపిల్ల

గంప బొమ్మ షీటు ఇవాళే మొదలుపెడతాను. అందరికీ చాలా చాలా థాంక్స్ అండి.

ఒకటే మిగిలింది. పాత తారు ఎలా మెరుస్తుందో నాకు సరిగ్గా తెలియడం లేదు. ఇంటర్నెట్‌లో దొరికేవన్నీ రోడ్డు ఫోటోలే. నేను వేస్తే ప్లాస్టిక్‌లా వస్తోంది.

గౌతమీతీరం

ఎండిన తారుకి ఒకేలా మెరుపు ఉండదు. మందంగా పేరుకున్న చోట గట్టి హైలైట్, పల్చగా లాగిన చోట గోధుమరంగు తేలుతుంది, ఉప్పుగాలికి కొన్నాళ్లయ్యాక బూడిదరంగు పొర కమ్ముతుంది. స్వచ్ఛమైన నలుపు వాడకండి. ముదురు గోధుమలో కొంచెం నీలం కలిపి మొదలుపెట్టి, హైలైట్‌ని లాంతరు రంగులోనే ఉంచండి, తెలుపు వేయకండి. తడిసినప్పుడు మాత్రమే ఆ బూడిద పొర మాయమై నలుపు బయటికొస్తుంది. అంటే వాన మొదలైన షాట్ నుంచి మాస్కు కింది సగం రంగు మారాలి. కలర్ స్క్రిప్ట్‌లో, అంటే ఏ షాట్‌కి ఏ రంగులో పెట్టుకునే పట్టీలో, రాసుకోండి.

పాతపంటు

అమ్మాయ్, కంప్యూటర్లో వెతకడం ఎందుకు. భైరవపాలెం వైపో, ఇటు అంతర్వేది పల్లిపాలెం వైపో వెళ్లు. తీరాన బోర్లించిన పడవలుంటాయి. పాటు సమయానికి, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, పోతే అడుగు భాగం దగ్గర నుంచి చూడొచ్చు. పొద్దున్నే వెళ్లు, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు కుంచె లాగిన గీతలు కూడా తెలుస్తాయి. కొత్తగా పూసింది ఒకటి, రెండేళ్లది ఒకటి పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకో. పడవవాళ్లని అడిగే ముట్టుకో, కొత్త తారు చేతికి అంటితే కిరసనాయిలుతో గానీ పోదు.

లంకపిల్ల

అలాగే బాబాయ్ గారూ. ఈ ఆదివారం అంతర్వేది వైపే వస్తున్నాను. ఆ రోజు పాటు ఎన్నింటికో మీరు ఒక్కసారి కనుక్కుని ఇక్కడే రాయగలరా?

పాతపంటు

రాస్తాను. శనివారం సాయంత్రం చూసుకో.